కింది డిస్కు

"నా మిషను కనబడట్లేదండీ" అంది కృష్ణప్రియ.

ప్రసూతి సెలవు తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చిన మొదటి ఉదయం అది. నల్లగండ్లలో పాపను తల్లి జయలక్ష్మి చేతికిచ్చి, ఏడుపు వినకూడదని గబగబా మెట్లు దిగి వచ్చిన మనిషి. బ్యాగు ఇంకా భుజానే ఉంది. తన సీట్లో కూర్చుని, జాబితాలో తన పేరున్న మిషను కోసం వెతికి, లేకపోతే మళ్లీ వెతికి, చివరికి రోహిణి బల్ల దగ్గరికి వచ్చింది.

హైటెక్ సిటీలోని ఆ అంతస్తులో ఎవరి ఎదుటున్న ల్యాప్‌టాప్‌లోనూ అసలు పని జరగదు. సర్వర్ల మీద పుట్టించిన వర్చువల్ మిషన్లలో జరుగుతుంది. వాటికి ఇనుప డబ్బా ఉండదు, ఫ్యాను చప్పుడు ఉండదు. హార్డ్ డిస్కు కూడా ఒక ఫైలే. ఆ ఫైళ్లను పుట్టించడం, చోటు చాలకపోతే పెంచడం, అక్కర తీరినవాటిని తీసెయ్యడం రోహిణి ఉద్యోగం. అదీ కంపెనీ ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. మెడలో వేసుకునే ట్యాగు రంగే వేరు. ఖాజాగూడ పిల్ల, చదివింది ఇంజనీరింగు, నోరు కాస్త ఎక్కువ అని పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"పరేషాన్ కాకుండ్రి మేడమ్. పర్మిషన్ పోయి ఉంటది. ఇప్పుడే చూస్త" అని పేరు కొట్టింది.

డిస్కు ఉంది. ఓనర్ అన్నచోట కృష్ణప్రియ పేరే ఉంది. ఆమెకు దాన్ని చూసే హక్కు మాత్రం ఎవరో తీసేశారు. ఇంకో నొక్కు నొక్కితే, ఆ డిస్కు మీద ఆధారపడి నడుస్తున్న మిషన్లు బారులు తీరి కనిపించాయి. టీములో ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉంది.

రోహిణి నోరు తెరిచేలోగా టీము లీడు ఆదర్శ్ కాఫీ కప్పుతో వచ్చాడు. వస్తూనే నవ్వుతూ పలకరించి, పాప ఎలా ఉందని అడిగి, ఆ నవ్వు తగ్గించకుండానే అసలు సంగతి చెప్పాడు.

"నేనే చెబుదామనుకున్నాను ప్రియా. వాడని మిషన్లు తీసెయ్యాలని పాలసీ వచ్చింది. మీది కూడా డిలీట్ అయిపోయింది."

చెబుతూనే తెరకూ ఆమెకూ మధ్య జరిగి నిలబడ్డాడు. రోహిణి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

ముందుగా ఏమైనా చెప్పారా అని కృష్ణప్రియ అడిగింది. మెయిలు వెళ్లిందనీ, వారంలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేననీ అతను అన్నాడు. దీర్ఘ సెలవులో ఉన్నవాళ్ల మెయిలు ఖాతాను కంపెనీయే మూసి ఉంచుతుంది. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తాళం వేసిన పెట్టెలో ఉత్తరం పడేసి, జవాబు రాలేదు కాబట్టి సరేనన్నట్టే అనడం ఎక్కడి న్యాయమో రోహిణికి బోధపడలేదు.

కృష్ణప్రియ భుజాన బ్యాగు సర్దుకుంది. తర్వాత "సరేనండి" అని వెళ్లిపోయింది. ఆ సరేనండి వింటే రోహిణికి ఒళ్లు మండింది.

"డిస్కు ఉన్నది కద సార్" అంది, ఆమె దూరమయ్యాక.

ఉందని అతనికీ తెలుసు. తెలియకుండా చేసిన పని కాదది. ఏడాదికి పైగా కూర్చుని, ఆసుపత్రుల బిల్లింగు సాఫ్ట్‌వేరును పరీక్షించడానికి కావలసినవన్నీ కృష్ణప్రియ ఆ మిషనులో అమర్చింది. ఆమె సెలవు మీద వెళ్లగానే అదే మిషను అందరికీ కావలసి వచ్చింది. మొత్తం డిస్కును అందరికీ కాపీ చెయ్యడానికి సర్వరులో చోటు లేదన్నారు. అందుకని ఆమె డిస్కును కింద ఉంచి, దాని మీద ఒక్కొక్కరికీ ఒక పల్చటి డిస్కు ఆదర్శే పరిచాడు. బొమ్మ మీద ట్రేసింగు కాగితం పరిచి, ఆ కాగితం మీద గీసుకున్నట్టు. ఎవరి గీతలు వాళ్లవి. కింది బొమ్మ మాత్రం ఒక్కటే. అది ఇసుమంత కదిలినా పైనున్న కాగితాలన్నీ చెత్తబుట్టకే. కృష్ణప్రియ తన మిషను ఆన్ చేస్తే చాలు, ఆన్ చేసిన వేళ అందులో నమోదైనా సరే, కింది డిస్కు మారిపోయినట్టే.

"గురువారం క్లయింటుకు డెమో ఉంది. అప్పటిదాకా ఆవిడ దాన్ని ముట్టుకోకూడదు. అందుకే కనబడకుండా చేశాను" అన్నాడు ఆదర్శ్.

"మరి డిలీట్ అయిందని ఎందుకు చెప్పిన్రు?"

"ఉందంటే ఆన్ చేస్తానంటుంది కదా. మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు రోహిణీ. ఊరుకుంటే చాలు."

ఆ ఊరుకోవడం ఎంతదూరం పోతుందో మధ్యాహ్నానికే తెలిసింది. మిషనే లేనప్పుడు ఆమె చేసిన పని ఏదీ లెక్కలోకి రాదట. కృష్ణప్రియను టెస్టింగుకు మార్చారు. సెలవుకు ముందు ఆమె దగ్గర పని నేర్చుకున్న నితీష్ కింద. డెమో ఇచ్చేది ఆదర్శ్. ఆ డెమో గట్టెక్కితే ఆర్కిటెక్టు అనే పై హోదా కూడా అతనికే అని అంతస్తంతా అనుకుంటున్నారు. కృష్ణప్రియకు కొత్త మిషను, ఉత్త ఖాళీది, తయారుచెయ్యమని రోహిణి పనుల జాబితాలోకి టికెట్టు వచ్చింది. చేసింది. చేస్తున్నంతసేపూ ఎవరిదో ఇల్లు ఆక్రమించినవాళ్లకు తాళం చెవి తానే చేసిచ్చినట్టు చేతులకు ఏదో అంటుకున్నట్టుంది.

ఇంటికి వచ్చేసరికి తల్లి భాగ్యమ్మ గడపలో కూర్చుని పుంటికూర తెంపుతోంది. పక్క వాటాలో కిరాయికుండేవాళ్ల కుక్కరు కూత వేస్తోంది. రోహిణి కాళ్లు కడుక్కుని వచ్చి, కట్టలో సగం తన ముందుకు లాక్కుని, తెంపుతూ సంగతంతా చెప్పింది. డిస్కులూ కాగితాలూ తల్లికి ఎంత ఎక్కాయో గానీ, పురిటికి పోయి వచ్చిన ఆడమనిషి చోటు ఇంకొకరు పట్టుకున్నారన్నది బాగా ఎక్కింది.

కూర తెంపడం ఆపకుండానే భాగ్యమ్మ అడిగింది. "ఆమెది ఆమెకు ఉన్నదని చెప్పినవా మరి?"

"లేదు."

"ఎందుకు?"

రోహిణి ఇంకో కాడ అందుకుంది. ఆదర్శ్ ఊరుకోమన్నాడు, ఆమె ఊరుకుంది. ఇంతకంటే కారణం లేదు. ఆ మాట తల్లితో అనడానికి సిగ్గేసింది. నోరు ఎక్కువని పేరున్న మనిషి నోరు పెగలాల్సిన చోటే పెగలలేదు. తల్లి మళ్లీ అడగలేదు. ఆకులు దులిపి లోపలికి పోయింది. రోహిణి ఒట్టి కాడలు ముందేసుకుని చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

మంగళవారం ఉదయం ఆఫీసుకు రాగానే చెప్పెయ్యాలనే వచ్చింది. కృష్ణప్రియ నితీష్ పక్కన కూర్చుని ఉంది. అతను ఇబ్బందిగా, తెర మీద వేలు చూపిస్తూ, రోగి నంబరు ఎక్కడ కొట్టాలో, బిల్లు ఎక్కడ వస్తుందో చెబుతున్నాడు. ఆ తెరలన్నీ అమర్చింది ఎవరో అతనికి తెలుసు. ఆమెకు తెలియజెప్పాల్సి రావడం అతని చెవులను ఎర్రబరిచింది. కృష్ణప్రియ తలూపుతోంది. ఉన్నట్టుండి తలూపడం ఆపి, తెర వైపు వంగింది.

తర్వాత లేచి, తిన్నగా రోహిణి బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. నిన్న నిలబడి అడిగిన మనిషి ఇవాళ కూర్చుంది.

"నిజం రోగుల పేర్లు వాడకూడదు కదండీ. అందుకని పరీక్ష కోసం నేనే పేర్లు కల్పించాను. పేర్లు తట్టక, మా నాయనమ్మ పేరు కూడా పెట్టాను. సామర్లకోట బుల్లెమ్మ. మోకాలి ఆపరేషను" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడే నితీష్ తెర మీద చూశాను. నా మిషను డిలీట్ అయిపోతే మా నాయనమ్మ ఎలా మిగిలిందండీ?"

రోహిణి ఇంక ఆలోచించలేదు. తెరను రెండు చేతులతో పట్టుకుని ఆమె వైపు తిప్పింది.

"పోలేదు మేడమ్. నిన్న నేను చెప్పకపోవుడు తప్పు. చూడుండ్రి, గిది మీ డిస్కు. గీళ్లందరు దీని మీదనే ఉన్నరు."

కృష్ణప్రియ ఒక్కో పేరూ చదివింది. అన్నీ తెలిసిన పేర్లే. నిన్న క్యాంటీనులో పాప ఫొటో చూపించమని చుట్టూ మూగినవాళ్లే. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి చున్నీ అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఏడుస్తుందేమో అని రోహిణి భయపడింది. ఏడవలేదు.

"నాకేమైనా కాపీ ఇస్తారా?" అని అడిగింది.

రోహిణి దారులు రెండూ చెప్పింది. డిస్కును మొత్తంగా కాపీ చేసి ఆ కాపీ ఈమెకు ఇవ్వొచ్చు. అప్పుడు ఎవరూ కదలక్కర్లేదు. లేదంటే ఆ కాపీని అందరి కిందకూ చేర్చి, ఈమె డిస్కు ఈమెకు వదిలెయ్యొచ్చు. అలా చెయ్యాలంటే మాత్రం అందరూ తమ మిషన్లు ఆపాలి. ఆపితే తప్ప కింది డిస్కు మార్చడం కుదరదు.

కృష్ణప్రియ నిమిషం కూడా తీసుకోలేదు. "కాపీ నాకెందుకండీ? కాపీ మీద ఉండాల్సింది వాళ్లు."

ఆమె సరేనండి అనకుండా కాదనగా వినడం రోహిణికి అదే మొదలు. చెప్పొద్దూ, ప్రాణం లేచి వచ్చింది.

మొదటి పని, తీసేసిన హక్కు తిరిగి ఇవ్వడం. ఓనరుకు తన మిషను మీద హక్కు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోహిణి ఇచ్చేసింది. ఆన్ చేస్తే ఏమవుతుందో ఇంకోసారి గట్టిగా చెప్పి మరీ ఇచ్చింది. రెండో పని చోటు. సర్వరులో చోటు లేదన్నది ఉత్త సాకు కాదు గానీ, అంత నిజమూ కాదు. ఆ అంతస్తులో అందరికీ ఒక జబ్బు ఉంది. ఏ చిన్న మార్పు చెయ్యబోయినా ముందు మిషనుకు స్నాప్‌షాటు తీసి పెట్టుకుంటారు, చెడిపోతే వెనక్కి రావడానికి. పని బాగానే జరుగుతుంది. తీసిన స్నాప్‌షాటును ఇంకెవరూ తలుచుకోరు. అది మాత్రం అక్కడే ఉండి డిస్కు చోటును మింగుతూ కూర్చుంటుంది. టీము అంతటిలోకీ ఎక్కువ స్నాప్‌షాట్లున్నది ఆదర్శ్ పేరు మీదే. రోహిణి పాలసీ బయటికి తీసింది. వాడని స్నాప్‌షాట్లు తీసెయ్యాలని అందులోనూ రాసి ఉంది. పైగా వాటి గురించి మెయిలు పంపి నెల దాటింది. ఖాతా తెరిచే ఉన్న మనుషులే, ఒక్కరూ జవాబివ్వలేదు.

ఒక్కొక్కటీ ఎవరిది వాళ్ల డిస్కులోనే కలిపేస్తూ పోయింది. తొందరపడే పని కాదది. ఒకటి పూర్తిగా కలిసిందని చూసుకున్నాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. మధ్యలో ఆపితే మొదటికే మోసం. భోజనానికి లేవలేదు. కృష్ణప్రియ ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా మూతలో సగం పెట్టి ఇచ్చింది. రోహిణి ఎడమ చేతిలో స్పూను, కుడి చేతిలో మౌసు. సాయంత్రానికి చోటు మిగిలింది. కింది డిస్కును కాపీ పెట్టి, అది చివరిదాకా చేరిందనీ, అసలుకూ కాపీకీ తేడా లేదనీ సరిచూసుకునే ఇంటికి బయలుదేరింది.

బుధవారం పొద్దున్నే ఆదర్శ్ చూసుకున్నాడు, కృష్ణప్రియ హక్కు తిరిగి వచ్చిందని. అతను రోహిణి దగ్గరికి రాలేదు. తిన్నగా మేనేజరు నరసింహమూర్తి గదికి పోయాడు. ఆ వెంటే రోహిణిని జీతానికి పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ మనిషి నరేందర్ నుంచి ఫోను. మనకు పనిచ్చినోళ్ల ఆఫీసుల గొడవ పెట్టుకుంటవా, శుక్రవారం నుంచి వేరే చోటికి పంపిస్త అన్నాడు. పంపించుకోండి అని పెట్టేసింది.

రోహిణిని అద్దాల మీటింగు గదిలోకి పిలిచారు. నరసింహమూర్తి పెద్దమనిషి తరహా మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎవరి పక్షానా గట్టిగా నిలబడడు. రామ్మా కూర్చో అన్నాడు. ఎవరు చెబితే హక్కు ఇచ్చావని మెల్లగా అడిగాడు.

"ఆమె మిషను ఆమెకు ఇయ్యనీకి ఎవర్నడగాలె సార్?"

ఆదర్శ్ కలగజేసుకుని, రేపు డెమో పెట్టుకుని ఈ పట్టింపులేమిటన్నాడు. నరసింహమూర్తి రాజీ మాట తెచ్చాడు. ఆవిడకొక కాపీ ఇచ్చేద్దాం, అసలుకూ కాపీకీ రవ్వంత తేడా ఉండదు కదమ్మా, ఇంకేమిటి నష్టం అన్నాడు. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, రోహిణికే ఒక క్షణం అనుమానం వచ్చింది, తాను మొండికేస్తోందా అని. వెంటనే కోపమూ వచ్చింది.

"మాకు ఖాజాగూడల కిరాయి ఇండ్లున్నయి సార్. ఇంటామె దవాఖానకు పోయొచ్చేవరకు కిరాయోళ్లు ఆమె అర్రల చేరి, నీకు గిట్లాంటిదే ఇంకోటి కట్టిస్తం, బయట ఉండు అంటే మేం ఒప్పుకోం. ఎవరు లేవాలె? చేరినోళ్లే లేవాలె."

"డెమో అయ్యాక చూద్దామమ్మా. తర్వాత అన్నీ సర్దుబాటు చేద్దాం."

"తర్వాత అంటే నాకు మెయిలు కూడా రాదండీ."

ఆ మాట అన్నది కృష్ణప్రియ. తలుపు తోసుకుని ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. బల్ల మీద పెట్టి, అక్కడ వేలాడుతున్న తీగను తగిలించింది. గోడ మీది పెద్ద తెర వెలిగింది. అందులో ఆమె మిషను, పక్కనే పచ్చగా స్టార్ట్ అన్న బొత్తాం, దాని మీద ఆనుకుని మౌసు బాణం. కింద టీము మిషన్ల పేర్లన్నీ, నడుస్తున్నట్టు గుర్తుగా పచ్చ చుక్కలతో, ఉన్నాయి.

ఆమె వేలు మౌసు మీద ఉంది.

ఆదర్శ్ లేచి నిలబడ్డాడు. "ప్రియా, వద్దు. ఆ మిషను ఆన్ చెయ్యొద్దు."

"ఏ మిషనండీ?" అంది కృష్ణప్రియ. "నాది డిలీట్ అయిపోయిందన్నారుగా."

నరసింహమూర్తి తెర వైపు చూశాడు, ఆదర్శ్ వైపు చూశాడు. మొన్న డిలీట్ అయిందనే నాకూ చెప్పారు అన్నాడు. అది నిజమో, అప్పటికప్పుడు పుట్టిన మాటో రోహిణికి తెలియలేదు. కానీ ఆ మాటతో ఆదర్శ్ ఆ గదిలో ఒంటరివాడయ్యాడు.

"ఉంది ప్రియా. మీ డిస్కు ఉంది. అందరం దాని మీదే పనిచేస్తున్నాం" అన్నాడు ఆదర్శ్.

"ఇంకోసారి చెప్పండి. సారుకు సరిగా వినబడలేదేమో."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి కూర్చుని చెప్పాడు.

కృష్ణప్రియ మౌసు మీద నుంచి వేలు తియ్యలేదు. "నేను నొక్కనండీ, భయపడకండి. నేను కట్టిందాన్ని నేనే కూల్చుకోను. కానీ ఇక్కణ్ణుంచి లేవను. రోహిణి గారు కాపీ సిద్ధం చేశారు. అందరూ మిషన్లు ఆపి, ఆ కాపీ మీదికి మారండి. నాది నాకు వదిలెయ్యండి. రేపటి డెమో నా మిషను మీద నేనే ఇస్తాను. టెస్టింగు నితీష్ బాగానే చేస్తున్నాడు, నా అవసరం అక్కడ లేదు."

నరసింహమూర్తి కళ్లజోడు సవరించుకున్నాడు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కాదనడం ఇంక కుదరదని మాత్రం అతనికి అర్థమైంది. కృష్ణప్రియ కూడా అతని జవాబు కోసం ఎదురుచూడలేదు. గోడ తెరనే చూస్తోంది.

అద్దానికి అవతల టీము అంతా పని మానేసి ఇటే చూస్తోంది. ఆమె తోసుకొచ్చిన తలుపు తెరిచే ఉంది. మాటలు వినబడుతున్నాయి, తెర మీద ఆ పేర్లూ కనబడుతున్నాయి. ముందుగా నితీష్ తన సీట్లోకి తిరిగాడు. గోడ మీద అతని పేరు పక్కనున్న పచ్చ చుక్క బూడిద రంగైంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత రెండు ఒకేసారి. కొన్ని కాసేపు తటపటాయించాయి. మిగతావాళ్లు తిరిగి చూస్తే అవీ ఆగిపోయాయి. చివరికి ఒక్క పేరు పచ్చగా మిగిలింది.

అడ్మిన్ కాబట్టి ఆ ఒక్కదాన్నీ రోహిణి తానే ఆపెయ్యొచ్చు. ముందుకు వంగింది కూడా. కృష్ణప్రియ ఆమె మణికట్టు మీద చెయ్యేసింది.

"వద్దండి. ఆయనదాన్ని ఆయనే ఆపాలి."

ఆదర్శ్ ల్యాప్‌టాప్ తీశాడు. పాస్‌వర్డు ఒకసారి తప్పు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పచ్చ చుక్క ఆరిపోయింది.

రోహిణి కాపీని ఇంకోసారి చూసింది. నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది. ఇక వీళ్లందరినీ ఒక్కొక్కరిగా దాని మీదికి చేర్చాలి. మధ్యాహ్నం దాకా పట్టే పని. పట్టనీ. మార్పులేని కాపీ ఉంది కాబట్టి, అసలు డిస్కు ఇప్పుడు మారినా వాళ్ల కాగితాలకు నష్టం లేదు. ఫోను మళ్లీ మోగింది, నరేందర్. ఎత్తి, "పనిల ఉన్న, తర్వాత చెయ్యుండ్రి" అని పెట్టేసింది.

"ఇగ నొక్కుండ్రి మేడమ్" అంది.

కృష్ణప్రియ నొక్కింది. గోడ మీద నల్లటి తెర వచ్చింది, కాసేపు అలాగే ఉంది, తర్వాత మెల్లగా వెలిగి పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఇన్నాళ్లు వాడలేదు కాబట్టి కొత్త పాస్‌వర్డు పెట్టుకోమంది. పెట్టుకుంది. ఆమె అమర్చినవన్నీ ఆమె వదిలివెళ్లిన చోటే ఉన్నాయి. అద్దానికి అవతల అందరూ ఆగిపోయిన తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ వేళ ఆ టీములో నడుస్తున్న మిషను అదొక్కటే.